తెర మా వైపు తిప్పండి

కేంద్ర ఐటీ శాఖ మంత్రి గారికి, తెలంగాణ ముఖ్యమంత్రి గారికి, రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి, నిజామాబాద్ ఎంపీ గారికి, బోధన్ ఎమ్మెల్యే గారికి,



బోధన్ నుంచి ఉత్తరం అనగానే షక్కర్ ఫ్యాక్టరీ గురించే అనుకుంటారు. 2015 డిసెంబరులో దానికి పడ్డ తాళం గురించి రాయాల్సింది ఇంకా చాలా ఉంది, రాసేవాళ్లూ ఉన్నారు. ఈ లేఖ వేరే సంగతి మీద. మా జిల్లా జనం ఇంటర్నెట్‌లో ఏం వెతుక్కుంటారు, వెతుక్కునేటప్పుడు వాళ్ల భుజం మీదుగా ఎవరెవరు తొంగి చూస్తారు, అందులో మీ పాలెంత అన్నది అడగాలని రాస్తున్నాను.

ముందు మీరు రాసిన నిబంధన సంగతే చూద్దాం. 2011 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ కేఫ్ నిబంధనలు తెచ్చింది. వచ్చినవాడి పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, ఎన్నింటికి కూర్చుని ఎన్నింటికి లేచాడు, అన్నీ రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఏ ఏ వెబ్‌సైట్లు చూశాడన్న చరిత్రను కనీసం ఏడాది పాటు దాచాలి. నెల నెలా ఆ రిజిస్టర్ నివేదిక అధికారికి పంపాలి. అడ్డం పెట్టే చెక్కలు నాలుగున్నర అడుగులకు మించకూడదు. చెక్కల అడ్డం లేని కంప్యూటర్ల తెరలు బయటికి, అంటే నలుగురికీ కనపడేలా తిరిగి ఉండాలి. చదివిన ప్రతిసారీ నాకు ఆ తెరల నిబంధన దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. ఒక మనిషి తనలో తాను అడుక్కునే ప్రశ్న పది మందికీ కనబడాలని గెజిట్‌లో రాసిన ప్రభుత్వం మనది.

సైబర్ కేఫ్‌లు ఇప్పుడెక్కడున్నాయని మీరు అడగొచ్చు. బోర్డు మారింది, అంతే. నిజామాబాద్ బస్టాండ్ చుట్టూ, బోధన్‌లో, వర్నిలో, కోటగిరిలో అవే గదులు ఇప్పుడు ఆన్‌లైన్ సెంటర్లు. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫొటో, పీఎఫ్, ఆధార్ లింకు, హాల్ టికెట్, గల్ఫ్ టికెట్. నిబంధనల్లోని రిజిస్టర్ కోసం వెతికితే చాలా చోట్ల దొరకదు. తెర మాత్రం ఇప్పటికీ బయటికే తిరిగి ఉంటుంది. మీ నిబంధనలోంచి అమలైంది ఆ ముక్క ఒక్కటే.

అక్కడ జరిగేది దగ్గరగా చూడండి. బీడీలు చేసే ఒకావిడ వస్తుంది. "తమ్మీ, నా పీఎఫ్ ఎంతుందో జర సూడు" అంటుంది. ఆ తమ్ముడు ఆమె ఫోన్ తీసుకుని ఓటీపీ తనే చదువుకుంటాడు. పాస్‌వర్డ్ తనే పెడతాడు, మర్చిపోకుండా నోట్‌బుక్కులో తనే రాసుకుంటాడు. పని అయ్యాక కాయితం ప్రింటు తీసిస్తాడు. ఆమె పోయాక కూడా ఆమె ఆధార్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటుంది, దాని కింద నిన్నటివాళ్లవి, మొన్నటివాళ్లవి. ఇంకొకరి వాట్సాప్ వెబ్ ఇంకా తెరిచే ఉంటుంది. కుర్రవాడొకడు పరీక్ష ఫలితాల కోసం వచ్చి అడ్రస్ బార్‌లో ఒక్క అక్షరం కొట్టగానే, అంతకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు వెతికినవన్నీ వరసగా జారుతాయి. ఎవరో గర్భసంచి ఆపరేషన్ గురించి, ఎవరో చెక్ బౌన్స్ కేసు గురించి, ఎవరో విడాకుల గురించి వెతికి ఉంటారు. చిన్న ఊళ్లలో ఆ 'ఎవరో' ఎవరో తెలుసుకోవడానికి పోలీసు విచారణ అక్కర్లేదు.

ఆ తమ్ముడిది తప్పని నేననను. వంద మంది పని ఒక్కడే చక్కబెడుతున్నాడు. పని అయ్యాక చెరిపేయమని అతనికి చెప్పినవాళ్లు లేరు. దాచమని మాత్రం ఢిల్లీ నుంచి రాసి పంపారు.

ఇప్పుడు చేతిచేతికీ ఫోన్ ఉంది కదా, సెంటర్‌కు పోవడమెందుకు అనవచ్చు. ఫోన్ చేతిలో ఉండటం వేరు, మన ఫోన్‌గా ఉండటం వేరు. మా జిల్లాలో మగమనిషి దమ్మాంలోనో దుబాయ్‌లోనో ఉండి పంపిన ఫోన్లు వేల ఇళ్లలో ఉన్నాయి. పంపేటప్పుడో, దుకాణంలో కొత్తగా తెరిచేటప్పుడో అందులో భర్త జీమెయిలే వేస్తారు. రెండు ఫోన్లకూ ఒకటే ఖాతా. ఇక్కడ ఆమె రాత్రి ఏం వెతికిందో అక్కడ అతని ఫోన్‌లో, ఖాతా కార్యకలాపాల పేజీలో, గంట నిమిషాలతో సహా కనపడుతుంది. గూఢచారులు, వైరస్‌లు ఏమీ లేవు. సౌకర్యం కోసం కంపెనీ పెట్టిన ఏర్పాటది. దెబ్బలు తినే ఆడబిడ్డ సఖి కేంద్రం నంబరు వెతికితే ఏమవుతుందో ఆలోచించండి. మీ పథకాల ప్రకటనల్లో ఆ నంబరు పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆ నంబరు వెతికిన జాడ ఎలా చెరపాలో ఒక్క ప్రకటనలోనూ నేను చూడలేదు.

అవగాహన సదస్సులు పెడుతున్నారు, కాదనను. సైబర్ మోసాల మీద ఫిర్యాదుకు 1930 నంబరు ఉందని ఊరూరా చెప్పారు. అది మంచి పనే, దాని వల్ల డబ్బు పోకుండా ఆగినవాళ్లున్నారు. కానీ ఆ సదస్సుల్లో గోప్యత మాట వచ్చేసరికి 'ఇన్‌కాగ్నిటో వాడండి' అని చెప్పి ముగిస్తారు. ఇన్‌కాగ్నిటో మన ఫోన్‌లోని చరిత్రను మాత్రమే చెరుపుతుంది. ఇంట్లోవాళ్ల నుంచి దాచుకోవడానికి అదీ పనికొస్తుంది. కానీ మనం వెతికిన మాట గూగుల్‌కు చేరుతూనే ఉంటుంది. నెట్ ఇచ్చే కంపెనీకి మాటలు కనపడకపోయినా ఏ సైట్‌కు పోయామో తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా మమ్మల్ని గమనించారని అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా వేశారు. చివరికి 2024లో రాజీ కుదిరింది, కోట్ల కోట్ల రికార్డులు చెరిపేయడానికి కంపెనీ ఒప్పుకుంది. అక్కడ కోర్టు మెట్లెక్కితే ఆ మాత్రమైనా దక్కింది.

సదస్సుల్లో కొంచెం తెలిసిన కుర్రాళ్లు, నెట్‌లో జాడ దాచే 'వీపీఎన్' వాడమంటారు. దాని సంగతీ మీరే చూసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చాయి. వీపీఎన్ నడిపేవాళ్లు వాడుకరుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఐదేళ్లు దాచాలన్నారు. లాగ్‌లు దాచకపోవడమే వ్యాపారంగా ఉన్న పేరున్న కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసి వెళ్లిపోయాయి. జాగ్రత్తగా ఉండమని మాకు చెప్పేదీ మీరే, జాగ్రత్తకు వాడే పనిముట్టును పనికిరాకుండా చేసిందీ మీరే.

నేరాలు జరుగుతున్నాయి, పోలీసులు చూడకపోతే ఎలా అన్నది మీ వైపు నుంచి వచ్చే మాట. అది తీసిపారేసే మాట కాదు. కానీ వెతికిన మాటను బట్టి మనిషిని అంచనా కట్టడంలో ఉన్న ప్రమాదం మా జిల్లాకు తెలిసినంతగా మీకు తెలియదేమో. ఇక్కడ కల్తీ కల్లు ముచ్చట అందరికీ తెలిసిందే. కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో దాడులు చేసి కల్తీ కల్లు ఆపేసరికి అలవాటు పడ్డవాళ్లు చేతులు వణుకుతూ, మతి తప్పి, సర్కారు దవాఖానాలకు చేరారు. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే, భార్యో కొడుకో అర్ధరాత్రి ఫోన్‌లో ఏం వెతుకుతారు? 'అల్ప్రాజోలం ఎక్కడ దొరుకుతుంది', 'అల్ప్రాజోలం మానేస్తే ఏమవుతుంది', 'ఎంత వేయాలి'. ఆ మూడు ప్రశ్నలూ కల్తీ చేసేవాడూ అడుగుతాడు. మాట ఒక్కటే. కారణం అడిగినవాడి కడుపులో ఉంటుంది, తెర మీద ఉండదు.

ఇది ఊహ కాదని చెప్పడానికి హైదరాబాద్ చాలు. 2021 అక్టోబరు చివర్లో అక్కడ పోలీసులు రోడ్డు మీద పోయేవాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గంజాయి' లాంటి మాటలు కొట్టి వెతికారు. వీడియోలు దేశమంతా చూసింది. ఎవరినీ బలవంతం చేయడం లేదు, జనమే సహకరిస్తున్నారు అని ఒక ఉన్నతాధికారి అన్నారు. నడిరోడ్డు మీద, లాఠీ పక్కన నిలబడి ఫోన్ ఇవ్వడాన్ని సహకారం అనగలిగేది ఫోన్ అడిగేవాడు మాత్రమే. వారెంటు లేదు, రాసిచ్చిన కారణం లేదు, ఫలానా నేరం మీద అనుమానమూ లేదు. ఆ వీడియోల్లో ఆపింది స్కూటర్ల మీద, కాలినడకన పోయేవాళ్లను. ఆ తనిఖీ ఎంతమందిని పట్టిచ్చిందో నాకు ముఖ్యం కాదు. ఒక తరం పిల్లలకు ఫోన్‌లో ఏ మాట ఉండాలో భయం నేర్పింది, అదీ నష్టం.

బయటి దేశాల్లో ఈ దారి ఎక్కడిదాకా పోయిందో కూడా చెప్పాలి. 2006 ఆగస్టులో అమెరికాలో ఏఓఎల్ అనే కంపెనీ పరిశోధకుల కోసమని ఆరున్నర లక్షల మంది మూడు నెలలపాటు వెతికిన మాటలను బయటపెట్టింది. పేర్లు తీసేశాం, నంబర్లే ఉన్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదనుకుంది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే ఒక నంబరు వెనక ఉన్న మనిషిని పట్టుకుని జార్జియాలో ఆమె ఇంటి తలుపు తట్టారు. అరవై దాటిన ఒంటరి మహిళ. ఆమె వెతికిన జబ్బుల జాబితా చూస్తే ఆమెకు లేని రోగం లేదనిపిస్తుంది. తీరా అడిగితే, చాలావరకు స్నేహితుల కోసం వెతికినవి. అమెరికాలోనే 2020లో డెన్వర్‌లో ఇల్లు తగలబెట్టి ఐదుగురిని చంపిన కేసులో పోలీసులు ఆ ఇంటి చిరునామాను వెతికినవాళ్లందరి వివరాలు ఇమ్మని గూగుల్‌ను అడిగారు. అంటే అనుమానితుడు ముందు, సాక్ష్యం తర్వాత అన్న వరుస తలకిందులైంది. అయినా ఒకటి గమనించండి. అది వారెంటు మీద జరిగింది. అది సబబేనా అని ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు 2023లో బాహాటంగా విచారించింది, తీర్పుతో విభేదించిన న్యాయమూర్తుల మాటలు కూడా అచ్చయ్యాయి.

మన దగ్గర ఆ మాత్రమూ లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద ఫోన్ గానీ, కాయితం గానీ తెచ్చి ఇమ్మనడానికి స్టేషన్ ఇన్‌ఛార్జి రాసిన ఆదేశం చాలు, జడ్జి దాకా పోనక్కర్లేదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద నిఘా పెట్టాలంటే హోం శాఖ కార్యదర్శి అనుమతి కావాలి, దాన్ని సమీక్షించే కమిటీలోనూ అధికారులే ఉంటారు. నిఘా ముగిశాక కూడా ఆ మనిషికి చెప్పే పద్ధతి లేదు. చెరుకు తూకం దగ్గర కాటా ముల్లు రైతుకూ కనపడాలని పట్టుబట్టే నేల మాది. ముల్లు మీ వైపే పెట్టుకుని లెక్క సరిగ్గానే ఉందంటే ఎట్లా నమ్ముతాం?

నమ్మకం గురించి మాట్లాడే అర్హత ఈ రాష్ట్రంలో ఏ పార్టీకి ఉందో కూడా చూద్దాం. 2024 మార్చిలో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఎస్‌ఐబీ) అధికారి అరెస్టుతో ఫోన్ ట్యాపింగ్ వ్యవహారం బయటికొచ్చింది. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడే, 2023 డిసెంబరు 4న, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది పోలీసుల అభియోగం. అవన్నీ కోర్టులో తేలాల్సినవి. నాటి ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారన్న ఆరోపణ ఉంది కదా, ముఖ్యమంత్రి గారూ, ఆ ప్రతిపక్షమే ఇవాళ సర్కారు. ఎవరో వింటున్నారన్న అనుమానంతో మాట్లాడటం ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దోషులకు శిక్ష పడాల్సిందే. కానీ ఆ నిఘాకు దారి ఇచ్చిన తలుపు మూశారా? మీ తర్వాత వచ్చేవాళ్లకు అదే తాళం చెవి అప్పజెప్పబోతున్నారా?

పోలీసులు మంచివాళ్లే అనుకుందాం, దాచింది భద్రంగా ఉంటుందా? 2023లో సైబరాబాద్ పోలీసులే వరసగా రెండు సమాచార చోరీల గుట్టు రట్టు చేశారు. ముందు దొరికింది 16.8 కోట్ల మంది వివరాలు, కొద్ది రోజులకే దొరికింది 66.9 కోట్ల మంది వివరాలు. రకరకాల వర్గాలుగా విడగొట్టి అమ్మారు. ఆ మరుసటి ఏడాది, 2024లో, పోలీసుల సొంత హాక్ ఐ యాప్ సమాచారమే అమ్మకానికి వచ్చింది. ఆపదలో ఉన్నామని మొర పెట్టుకున్న ఆడవాళ్ల వివరాలు కూడా ఉండే యాప్ అది. ఇరవై ఏళ్ల కుర్రవాడిని పట్టుకున్నారు. పట్టుకున్నందుకు అభినందించాలి. కానీ దాచకపోతే పోయేది కాదు కదా.

2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మంది ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ హక్కుకు చట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలు మా అనుమతి అడగడం, మా సమాచారం కాపాడటం లాంటి అసలు బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అదే చట్టంలో సమాచార హక్కు చట్టాన్ని సవరించే ముక్క మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. 'వ్యక్తిగత సమాచారం' అన్న ఒక్క మాటతో అధికారుల వివరాలు నిరాకరించడానికి దారి తెరుచుకుంది. మా గోప్యతకు ఏడాదిన్నర ఆగాలి, అధికారుల గోప్యత ఒక్క రోజు కూడా ఆగలేదు. పైగా 17వ సెక్షన్ కింద కేంద్రం తాను కోరిన ప్రభుత్వ సంస్థను ఈ చట్టం నుంచి తప్పించవచ్చు. కంపెనీలకు 250 కోట్ల దాకా జరిమానా అని గొప్పగా చెప్పారు. బాధితురాలికి పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టపు 43ఏ సెక్షన్‌ను అందులోనే రద్దు చేస్తున్న సంగతి చెప్పలేదు. జరిమానా డబ్బు ఖజానాకు పోతుంది.

మీరు తలచుకుంటే చేయగలరని మాకు తెలుసు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు ఈ రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి. అప్పు కోసం వెతికిన మనిషి ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాక్కుని, బంధువులకు ఫొటోలు పంపి పరువు తీశారు. 2022లో రిజర్వ్ బ్యాంక్ నిబంధన రాసింది, అప్పిచ్చే యాప్ కాంటాక్టుల జోలికి, ఫొటోల జోలికి పోకూడదని. దొంగ యాప్‌లు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ ఏది తప్పో తేలిపోయింది. కోట్ల మందికి 'పర్మిషన్ ఇవ్వకండి' అని పాఠం చెప్పడం కంటే అడిగేవాడిని అడగొద్దనడం తేలిక.

ఆ లెక్కనే అడుగుతున్నాను. కేంద్ర మంత్రి గారూ, 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల్లోంచి వెబ్‌సైట్ల చరిత్ర దాచే షరతును, తెర బయటికి తిప్పే షరతును కొట్టేయండి. ఏ కంప్యూటర్ మీద ఎవరు ఎంతసేపు కూర్చున్నారన్నది నేర పరిశోధనకు చాలు. నిఘా పెట్టిన మనిషికి, కేసు లేదని తేలాక, ఇన్ని నెలల లోపు చెప్పి తీరాలని చట్టంలో రాయండి.

రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సినదానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మీ సేవ కేంద్రాలు మీ చేతి కిందివే. ప్రతి మనిషి పనీ బ్రౌజర్‌లో గెస్ట్ కిటికీ తెరిచి చేయాలని, సాయంత్రం షట్టర్ దించే ముందు డౌన్‌లోడ్స్ ఖాళీ చేయాలని, పాస్‌వర్డ్ మనిషే కొట్టాలని ఒక మెమో చాలు. మిగతా ఆన్‌లైన్ సెంటర్లు వాటిని చూసి నేర్చుకుంటాయి.

ఇంకొకటి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ కడుతున్నాం. మున్సిపాలిటీలు ఆ బకాయిలు గ్రంథాలయ సంస్థలకు ఎప్పుడు జమ చేస్తాయన్నది వేరే పురాణం. ఆ డబ్బుతోనే నిజామాబాద్ జిల్లా గ్రంథాలయంలో, బోధన్ శాఖలో రెండేసి కంప్యూటర్లు పెట్టించండి, ఎమ్మెల్యే గారూ. గోడ వైపు వీపు, మనిషి వైపు తెర ఉండాలి. లేవగానే అన్నీ చెరిగిపోవాలి. పక్కన కావాలంటే సాయం చేసే ఒక ఆడమనిషి ఉండాలి. గర్భసంచి ఆపరేషన్ అవసరమా కాదా అని నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టర్ దగ్గరికి పోయే ముందు ఒకసారి చదువుకోవాలనుకునే మనిషికి ఈ జిల్లాలో ఇప్పుడు అలాంటి చోటు లేదు. ఎంపీ గారూ, పార్లమెంటులో 17వ సెక్షన్ మీద ఒక్క ప్రశ్న వేయండి, ఏ ఏ సంస్థలకు మినహాయింపు ఇస్తారో, ఎందుకిస్తారో.

ఇక ముఖ్యమంత్రి గారిని కోరేది ఖర్చు లేని పని. జడ్జి అనుమతి లేకుండా పోలీసులు ఎవరి ఫోన్‌నూ తెరిపించి అందులో మాటలు వెతకకూడదని, కేసులో ఫోన్ స్వాధీనం చేసుకుంటే రసీదు ఇవ్వాలని డీజీపీ గారి చేత ఒక సర్క్యులర్ ఇప్పించండి. దాన్ని తెలుగులో, ఉర్దూలో అచ్చేసి బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి స్టేషన్ల బయటి గోడకు, చదువుకునే ఎత్తులో, అంటించమనండి.

ఇట్లు,
బోధన్ నుంచి ఒక పౌరుడు